గట్టెక్కిన బండి... పడవెక్కిన మనిషి
వరద నెలల్లో లంకల్లో మోటారు సైకిళ్లకు సెలవు

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే లంక గ్రామాల్లో ముందుగా కదిలేవి పశువులు. పలుపు విప్పి గేదెలను ఏటిగట్టు మీదకు తోలుకుపోవడం తాతల నాటి ఆనవాయితీ. ఇప్పుడు ఆ వరుసలో గేదెల వెనుకే మోటారు సైకిలు కూడా నడుస్తోంది. బియ్యం బస్తా అటక మీదకు, గేదె గట్టు మీదకు, బండి కూడా గట్టు మీదకే. ఆ తరువాతే మనుషుల సంగతి.

బండిని గట్టు మీద వదిలినవాడు పడవ ఎక్కుతాడు. తిరిగి దాని మీద కూర్చునేది ఎప్పుడో గోదావరే చెప్పాలి. ఒక ఏడు పది రోజులతో సరిపోతుంది. ఒక ఏడు జూలైలో దింపిన కాలు దసరా దాకా మళ్లీ పెడలు మీద పడదు. ఈలోగా పాలు పోయాలి, గెలలు చేరవేయాలి, దింపుకు పోవాలి, పిల్లలు కాలేజీకి వెళ్లాలి. పదేళ్లుగా కాళ్లకు బదులు చక్రాలనే నమ్ముకున్నవాడికి ఒక్కసారిగా చక్రాలు లేకుండా పోతే ఎలా ఉంటుందో లంక వారిని అడగాలి. ఆ రోజుల్లో రేవులో ఇద్దరు కలుసుకుంటే మొదటి పలకరింపు కూడా అదే. "బండెక్కడెట్టేరండీ?" "ఆయ్, గట్టు మీదే, మా బావగారి చావిట్లో ఉందండి."

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. ఈ అంకెలు లంకల్లో బడి మొహం చూడని ముసలమ్మలకు కూడా నోటికి వచ్చు. పల్లంగా ఉన్న కాజ్‌వేలు, రేవుల్లో వేసుకున్న మట్టి బాటలు మొదటి హెచ్చరిక దాకా కూడా ఆగవు. పి.గన్నవరం మండలం చాకలిపాలెం నుంచి కనకాయలంకకు వెళ్లే కాజ్‌వే వరద వచ్చిన ప్రతిసారీ వార్తల్లోకి ఎక్కుతూ వచ్చింది. గంటిపెదపూడి దగ్గర బూరుగులంక రేవులో వేసవిలో వేసుకున్న బాట తొలి వరదకే తెగిపోతూ వచ్చింది. బాట తెగితే అటు ఉన్న బండి అటే, ఇటు ఉన్న బండి ఇటే.

అందుకే లంక వారి చూపు ధవళేశ్వరం మీద కంటే ముందు భద్రాచలం మీద ఉంటుంది. అక్కడ ఎక్కిన నీరు ఇక్కడికి చేరడానికి ఒక రోజు అటూ ఇటూగా పడుతుంది. భద్రాచలంలో నీరు 43 అడుగులు దాటిందంటే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. అనుభవం ఉన్నవారు భద్రాచలంలో రెండవ హెచ్చరిక రాకముందే బండిని దాటించేస్తారు. "ఇంకా రాలేదుగా" అని రాత్రి పడుకున్నవారు తెల్లారి చూస్తే బాట ఉండదు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చింది. అది ఇప్పటికీ లంకల్లో కాలం లెక్క పెట్టుకునే వరద. "ఎనభై ఆరు వరదకు మా పెద్దాడు ఒళ్లో పిల్లాడు" అంటారు. కాని ఆ వరదలో మునగడానికి లంకల్లో మోటారు సైకిళ్లు ఎక్కువ లేవు. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. నీరు 1986 కంటే తక్కువే. అయినా బండ్ల నష్టం మాత్రం అప్పటికీ ఇప్పటికీ పోలిక లేదు. కారణం తెలిసిందే. ఈ మధ్యకాలంలో బండి ఇంట్లో మనిషి అయిపోయింది.

సైకిలు రోజులు

లంకకు సైకిలుతో ఇబ్బంది ఉండేది కాదు. భుజాన వేసుకుని పడవ ఎక్కేవారు, అవతలి రేవులో దింపుకుని తొక్కుకుపోయేవారు. రావులపాలెం అరటి మార్కెట్‌కు నాలుగైదు గెలలు కట్టిన సైకిలు, కారియరుకు పాలబిందె కట్టిన సైకిలు, అంబాజీపేట కొబ్బరి బేరాలకు వెళ్లే సైకిలు, అన్నీ పడవ మీద దాటినవే. ఆనాడు మోటారు సైకిలు అంటే ఏ డాక్టరుగారిదో, ఏ మోతుబరిదో ఒక బుల్లెట్టు లేక రాజ్‌దూత్. దాని చప్పుడు విని ఎవరు వస్తున్నారో ఊరంతా చెప్పేవారు.

1980లో టీవీఎస్ 50, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాయి. ఆ తరువాత కథ మారింది. తక్కువ పెట్రోలుతో నడిచే బండి సన్నకారు రైతు చేతికి వచ్చింది. ముందూ వెనకా గోనెలు కట్టుకోవడానికి వీలైన ఎక్సెల్ బండి ఎడ్లబండి పని సగం లాగేసుకుంది. యానాం–ఎదుర్లంక వంతెన వంటివి వచ్చాక పడవ దాటే అవసరం చాలాచోట్ల తీరింది. ఆ వంతెన 2002లో తెరిచారు. వంతెన లేని చోట పంటు ఉంది. నరసాపురం–సఖినేటిపల్లి రేవులో వశిష్ఠ దాటాలన్నా, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులో గౌతమి దాటాలన్నా మోటారు సైకిళ్లు పంటు ఎక్కడం అందరూ చూసిందే. గోదావరి పొంగితే ఆ పంటు కూడా ఆగిపోతుంది. సఖినేటిపల్లి వారికి ఎదురుగా కనపడే నరసాపురం వెళ్లడానికి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగక తప్పదు.

లంకల బాధ వేరు. అక్కడ చుట్టు తిరగడానికి కూడా దారి ఉండదు. నాటు పడవలో మనిషి దాటవచ్చు గాని క్వింటాలు దాటిన బరువు గల బండి దాటడం ప్రమాదం. చిన్నపాటి మోటారు సైకిలు కూడా 110 కిలోల దరిదాపులో ఉంటుంది. బుల్లెట్టు అయితే రెండు క్వింటాళ్లకు కాస్త తక్కువ. అలాంటి రెండు బండ్లు అడ్డంగా పెట్టిన పడవలో ఒక మనిషి ఇటు నుంచి అటు జరిగితే చాలు, పడవ అంచు నీటిని తాకుతుంది. అయినా పడవవాడిని బతిమాలి, పది రూపాయలు ఎక్కువ ఇచ్చి బండి ఎక్కించేవారు ప్రతి ఏడూ ఉంటారు. పడవవాడు కాదంటే కోపం తెచ్చుకోవడం అన్యాయం. అతనికి నది తెలుసు.

ఎవరి తిప్పలు వారివి

బండి ఆగితే అందరికంటే ముందు ఇబ్బంది పడేది పాలవారు. తెల్లవారుజామున పితికిన పాలు ఎండ ఎక్కకముందే కేంద్రానికి చేరాలి. బండి ఉన్న రోజున అది పావుగంట పని. వరదలో క్యాను మోసుకుని రేవుకు నడవాలి, పడవ కోసం నిలబడాలి, గట్టు ఎక్కి మళ్లీ మరో బండి చూసుకోవాలి. పాలు విరిగిపోతే ఆ పూట కష్టం గోదావరి పాలు. దీనికి కొందరు ఒక ఉపాయం పట్టారు. నలుగురైదుగురు పాలవారు కలిసి క్యాన్లన్నీ ఒకే పడవలో పంపుతారు. గట్టు మీద ఉంచిన బండ్లలో ఒక్కటే వాడుకుని వంతుల వారీగా ఒక్కడే కేంద్రానికి తీసుకువెళతాడు. మిగిలినవారు మేత పని చూసుకుంటారు. పెట్రోలు ఖర్చు కూడా పంచుకుంటారు. వరద తీశాక మళ్లీ ఎవరి బండి వారిదే, ఎవరి ఖర్చు వారిదే. బండి లేని రోజుల్లో కలిసి వచ్చిన ఈ లెక్క బండి వచ్చాక ఎందుకు మరిచిపోతారో చెప్పలేం.

దింపు కార్మికుల తిప్పలు మరో రకం. వారు రోజుకొక ఊరి తోటలో చెట్లు ఎక్కేవారు. మోకు, కత్తి బండికి కట్టుకుని పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి పని అయిపోయేది. పడవ దాటి, ఆటోకు నిలబడి తోటకు చేరేసరికి పొద్దెక్కుతుంది. తడిసిన చెట్టు ఎక్కడం ఎలాగూ ప్రమాదమే. కనుక చాలామంది ఆ రోజుల్లో సొంత లంకలోనే ఒలుపు పనికి దిగుతారు. కూలి తగ్గుతుంది. ఇంకొందరు గట్టు ఇవతల చుట్టాల ఇళ్లలో మకాం పెడతారు. బండి కూడా అక్కడే ఉంటుంది కాబట్టి పని ఆగదు. ఇంటి దగ్గర ఆడవాళ్లకు, ముసలివాళ్లకు పడవే దిక్కు. వరదల్లో రెవెన్యూవారు పడవలు ఏర్పాటు చేస్తారు గాని చీకటి పడ్డాక నడవవు. రాత్రిపూట నొప్పులు వస్తే ఏమిటన్న భయం ఆ ఇళ్లలో అందరికీ ఉంటుంది. నెలలు నిండిన వారిని ముందే గట్టు ఇవతలకు చేర్చడం అందుకే.

కుర్రవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. రోజూ రెండు పూటలా బండి మీద అమలాపురం చూసి వచ్చినవాడికి రామాలయం అరుగు మీద పొద్దు పోదు. పడవ దాటి వెళ్లి గట్టు మీద బండిని ఒకసారి చూసి, తుడిచి, కిక్కు కొట్టి, చప్పుడు విని మళ్లీ పడవ ఎక్కి వచ్చేవారు ఉన్నారు. పెద్దవాళ్లు నవ్వుతారు. ఆ పెద్దవాళ్లే గేదెను చూడటానికి రోజూ గట్టు మీదకు వెళ్లి వస్తారు. రెండూ ఒకటే ప్రేమ. కాకపోతే గేదెకు రోజూ కనపడటం మంచిది. బండికి రోజూ ఒక్క నిమిషం కిక్కు కొట్టడం మంచిది కాదు.

గట్టు మీద బండికి జబ్బులు

ఇది చాలామందికి తెలియని విషయం. ఇంజను వేడెక్కకముందే ఆపేస్తే లోపల పుట్టిన తేమ అక్కడే ఉండిపోతుంది. సైలెన్సరు లోపలి నుంచి తుప్పు పడుతుంది, నూనె పాడవుతుంది. సెల్ఫ్ వేసినప్పుడు బ్యాటరీ నుంచి పోయిన కరెంటు ఆ ఒక్క నిమిషంలో తిరిగి రాదు. వారానికి ఒకసారి వెళ్లి పావుగంట సేపు ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపితే మేలు. ఖాళీ జాగా ఉంటే గట్టు మీదే కొంత దూరం తోలి తేవడం ఇంకా మేలు. అది కుదరకపోతే అసలు ముట్టుకోకుండా బ్యాటరీ వైరు విప్పి వదిలేయడమే నయం.

గట్టు మట్టి వానకు మెత్తబడుతుంది. పక్క స్టాండు మీద నిలబెట్టిన బండి రాత్రికి రాత్రి ఒరిగి పక్క బండిని, అది దాని పక్క దానిని పడదోయడం ఏటా జరిగేదే. నడుమ స్టాండు వేసి దాని కింద కొబ్బరి దుంగ చెక్క ఒకటి పెడితే ఆ బాధ లేదు. చక్రాల బరువు కూడా తగ్గుతుంది. బరకం కప్పేవారు నేల దాకా దించి, ఇటుకలు పెట్టి బిగించేస్తారు. దాని కింద ఆవిరి పట్టి బండి వానలో తడిసిన దానికంటే ఎక్కువ తుప్పు పడుతుంది. కింద జానెడు ఎడం వదలాలి, గాలి ఆడాలి. గొలుసుకు నూనె రాయాలి. ఎలుకలకు వైర్ల మీద మోజు ఎక్కువ. వడ్ల బస్తాలున్న చావిట్లో బండి పెట్టినవారు దీని రుచి చూసే ఉంటారు. సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కేవారు, తిరిగి తోలే రోజున దాన్ని తీయడం మరిచిపోకూడదు.

ఇక పెట్రోలు. ఎవరైనా తీసుకుపోతారన్న భయంతో ట్యాంకు ఖాళీ చేసి పెడతారు. నెల రోజులు ఖాళీగా ఉన్న ట్యాంకులో తడి గాలి చేరి లోపల తుప్పు పొరలు లేస్తాయి. ఆ తుప్పు తరువాత ఎక్కడెక్కడ అడ్డుపడుతుందో మెకానిక్కు డబ్బులిచ్చేటప్పుడు తెలుస్తుంది. ట్యాంకు నిండుగా ఉంచి, తాళం ఉన్న చోట పెట్టడం మంచిది. పాత రకం కార్బురేటరు బండి అయితే కుళాయి కట్టేసి, కింద గిన్నెలో మిగిలిన పెట్రోలు తీసేయాలి. అది ఎండిపోయి జిగురు పడుతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. దానికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. ట్యాంకులోకి నీరు దిగితే ఇథనాలు, నీరు కలిసి అడుగున పేరుకుంటాయి. ఇంజను మొదట తాగేది ఆ అడుగు నీళ్లే. మూత దగ్గర రబ్బరు వాచరు సరిగా ఉందో లేదో వరదకు ముందు చూసుకోవడం చిన్న పని. దానికి బద్ధకిస్తే పెద్ద పని అవుతుంది.

మునిగిన బండికి కిక్కు కొట్టరాదు

అన్ని జాగ్రత్తలూ ఒక ఎత్తు, రాత్రికి రాత్రి నీరు పెరిగి బండి మునిగిపోవడం ఒక ఎత్తు. 2022 జూలైలో చాలా ఇళ్లలో జరిగింది ఇదే. నీరు తీశాక ఒండ్రులో కూరుకున్న బండిని పైకి లేపి, రెండు బిందెల నీళ్లు పోసి, ఆత్రంగా కిక్కు కొట్టారు. అక్కడే దెబ్బ పడింది.

గాలిని నొక్కితే నలుగుతుంది, నీటిని నొక్కితే నలగదు. ఇంజను లోపలికి నీరు దిగి ఉన్నప్పుడు పిస్టను పైకి వెళితే ఆ నీటికి పోయే దారి లేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. కొన్ని వందలతో తేలవలసిన పని వేలకు ఎక్కుతుంది. సెల్ఫ్ స్టార్టు ఉన్న బండ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. బొటనవేలితో నొక్కితే చాలు, లోపల ఏం విరిగిందో చేతికి తెలియదు.

ముందు బ్యాటరీ వైరు విప్పాలి. ప్లగ్గు ఊడదీసి, తాళం వేయకుండానే కిక్కును చేత్తో నెమ్మదిగా తిప్పితే లోపలి నీరు ప్లగ్గు రంధ్రం నుంచి బయటకు వస్తుంది. ఇంజను నూనె తీసి చూడాలి. అది పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే నీరు కలిసిందని గుర్తు. ఆ నూనె పూర్తిగా తీసేసి కొత్తది పోసి, కొద్దిసేపు నడిపాక మళ్లీ ఒకసారి మార్చాలి. గాలి ఫిల్టరు కాగితంది అయితే ఆరబెట్టినా పనికిరాదు, కొత్తది వేయాలి. పెట్రోలు కూడా దించేయాలి. చక్రాల డ్రమ్ములు విప్పి ఒండ్రు కడగకపోతే బ్రేకు పట్టదు, బేరింగులు నెల తిరగకుండా అరిగిపోతాయి. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్ 6 బండ్లలో పెట్రోలు కొలిచి పంపేది ఎలక్ట్రానిక్ పెట్టె. దానికి నీరు తగిలితే పల్లెలో తెలిసిన మెకానిక్కు చేతిలో ఉండేది కొంతే. అలాంటి బండిని ట్రాక్టరు మీదో, ఆటో మీదో ఎక్కించి కంపెనీ షెడ్డుకు చేర్చడమే మంచిది.

బీమా ఉంది కదా అనుకునేవారు కాగితం ఒకసారి తీసి చదవాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త మోటారు సైకిలుకు 5 ఏళ్ల బీమా తప్పనిసరి చేశారు. అయితే ఆ 5 ఏళ్లు ఎదుటివారికి కలిగే నష్టానికి మాత్రమే. సొంత బండికి జరిగే నష్టానికి బీమా సాధారణంగా మొదటి ఏడాది వరకే ఉంటుంది. మళ్లీ కట్టకపోతే రెండో ఏడు వరదలో మునిగిన బండికి పైసా రాదు. కొనేటప్పుడు "5 ఏళ్లు ఢోకా లేదు" అన్న మాటే గుర్తుంటుంది. ఆ మాట ఎవరి కోసమో ఎవరూ విడమరిచి చెప్పరు. సొంత నష్టానికి కట్టినవారు కూడా మునిగిన బండిని కదపకముందే ఫొటో తీయించి, కంపెనీకి కబురు చేయాలి. మునిగిన తరువాత కిక్కు కొట్టి పాడు చేసుకున్న ఇంజనుకు, దానికి ప్రత్యేకంగా కట్టి ఉంటే తప్ప, బీమా ఇవ్వకపోవచ్చు.

ఆగలేక దిగినవారు

బండికి పట్టిన తుప్పు వదిలించవచ్చు. మనిషికి పట్టిన ఆత్రమే కష్టం. నీరు కాస్త తగ్గి కాజ్‌వే రాళ్లు కనపడగానే "రోజూ తోలిన దారేగా" అని దిగేవారుంటారు. పారే నీరు మోకాలి లోతు లేకపోయినా నిలబడ్డ మనిషిని పడదోస్తుంది. బండికి పక్కల నుంచి తోపు ఇంకా ఎక్కువగా తగులుతుంది. పైగా ఆ నీటి కింద దారి ఉందో, కోతపడి పోయిందో కనపడదు. గట్టు మీద నిలబడ్డవారు వద్దన్నకొద్దీ కొందరికి పౌరుషం వస్తుంది. బండి పోతే కొనుక్కోవచ్చన్న మాట ఆ వేళ ఎవరి చెవికీ ఎక్కదు. ఇలాంటి చోట్ల పోలీసులు, రెవెన్యూవారు తాడు కట్టి మనుషులను పెట్టడం అవసరం. నీరు పెరిగేటప్పుడు పెట్టినంత కాపలా నీరు తీసేటప్పుడు ఉండటం లేదన్నది లంకల్లో వినిపించే ఫిర్యాదు. దిగేవారు దిగేది అప్పుడే.

కాలు విరిగినవారి సెలవు

గోదావరి పెట్టే సెలవు కంటే పొడవైనది ఎముక పెట్టే సెలవు. మోకాలి కింది పెద్ద ఎముక విరిగితే పూర్తిగా అతకడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. ఇంటి ముందు బండి, వసారాలో మంచం మీద మనిషి. వీధిలో బండి చప్పుడు వినపడితే తల తిప్పి చూడటం, ఎవరిదో చెప్పడం, మళ్లీ పడుకోవడం. మొదటి నెలలో పలకరింపులు ఉంటాయి. మూడో నెలకు ఎవరూ రారు. అసలు కష్టం అప్పుడు.

ఈ సెలవును ఊరికే గడిపితే కాలు కట్టులోనే చిక్కిపోతుంది. కొన్ని వారాల్లోనే తొడ సన్నబడటం కంటికి కనపడుతుంది. డాక్టరు చెప్పిన మేరకు తొడ కండ బిగించి వదలడం, వేళ్లు ఆడించడం రోజూ చేయాలి. బీడీ, సిగరెట్టు తాగేవారికి ఎముక ఆలస్యంగా అతుకుతుంది. కొందరికి అతకనే అతకదు. పొద్దుపోక రెండు కట్టలు ఎక్కువ తాగేవారికి ఇది చెప్పవలసిన మాట. నాటు కట్టు మీద నమ్మకం ఉన్నవారు కూడా ముందు ఎక్స్‌రే తీయించుకోవాలి. గాయమై ఎముక బయటకు కనపడితే కట్టుకు పోకుండా ఆసుపత్రికే పోవాలి. ఏ కట్టయినా సరే, వేళ్లు చల్లబడి, తిమ్మిరెక్కి, రంగు మారి, భరించలేని పోటు వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. కట్టు వదులు చేయించుకోకపోతే కాలుకే మోసం.

తండ్రి మంచం మీద ఉంటే బండి ఎవరు తోలాలి? చాలా ఇళ్లలో తొమ్మిదో, పదో చదివే కొడుకు తోలుతున్నాడు. పాలు పోయాలి కదా అంటారు. అవసరం నిజమే. కాని 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు బండి తోలి పట్టుబడితే బండి యజమానికి, పెంచేవారికి 25 వేల రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఒక ఇంట్లో రెండు కాళ్లు విరిగే ప్రమాదం సరేసరి. దానికంటే ఇల్లాలు లైసెన్సు తీసుకుని నేర్చుకోవడం నయం. గేర్లు లేని స్కూటరు వచ్చాక ఆ పని చేసిన ఇల్లాళ్లు పల్లెల్లో చాలామంది ఉన్నారు. మగవాడి కాలు బాగయ్యాక కూడా వారు బండి దిగలేదు.

కువైట్, దుబాయి వెళ్లినవారి బండ్ల కథ కూడా కొంత ఇలాంటిదే. రెండు మూడేళ్ల తరువాత వచ్చి దుమ్ము దులిపి ఎక్కేస్తారు. లైసెన్సు గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ పరీక్షకు వెళ్లాలన్న సంగతి, బీమా లేకుండా రోడ్డెక్కితే ఎదుటివాడి నష్టం తన పొలం మీదకు వస్తుందన్న సంగతి రోడ్డు మీద ఆపినప్పుడే తెలుస్తోంది.

మళ్లీ ఎక్కే రోజు

కాలు విరిగినవాడు మళ్లీ బండి ఎప్పుడు ఎక్కవచ్చు? డాక్టరు చెప్పాలి. ఇంటి దగ్గర చూసుకోదగిన గుర్తులు కూడా ఉన్నాయి. ఆ ఒంటికాలి మీద కాసేపు నిలబడగలగాలి. ఒరిగిన బండిని ఆ కాలితో ఆపగలగాలి. కుడికాలైతే వెనుక బ్రేకు మీద గట్టిగా తన్నగలగాలి. అటకాయించి వచ్చిన గేదె ముందు బ్రేకు మెల్లగా నొక్కితే చాలదు. మొదటి రోజు వెనుక మనిషిని ఎక్కించుకోకుండా, తెల్లవారుజామున ఖాళీ గట్టు మీద కొద్ది దూరం తోలి రావడం మంచిది. చేతులు వణికితే సిగ్గుపడనక్కరలేదు. పడినవాళ్లలో చాలామందికి వణుకుతాయి. పది సార్లు అదే దారిలో తిరిగితే తగ్గుతుంది.

వరద నుంచి తిరిగి వచ్చేవారికి చేతులు వణకవు. అందుకే ప్రమాదం. నెలన్నర నిలబడిన బండిలో టైర్ల గాలి దిగి ఉంటుంది. బ్రేకు డ్రమ్ముకు తుప్పు పొర పట్టి మొదటిసారి పట్టేస్తుంది, లేదా తడికి అసలు పట్టదు. నెమ్మదిగా తోలుతూ నాలుగైదు సార్లు మెల్లగా నొక్కి వదిలితే ఆరుతుంది. అన్నిటికంటే చెడ్డది కాజ్‌వే మీద వరద వదిలి వెళ్లిన ఒండ్రు. పైన ఎండి పెచ్చు కట్టి గట్టిగా కనపడుతుంది. కింద వెన్నలా ఉంటుంది. దాని మీద ముందు బ్రేకు వేసినవాడు పడక మానడు. పంచాయతీవారు ముందుగా ఆ ఒండ్రును చెక్కించి, కడిగించి బండ్లను వదిలితే సగం ప్రమాదాలు తప్పుతాయి. దానికి ఒక ట్రాక్టరు, నలుగురు మనుషులు, ఒక పూట చాలు.

నీరు తీసిన వారంలో మెకానిక్కు షెడ్ల ముందు బండ్లు బారులు తీరుతాయి. ఆ వారం మెకానిక్కుకు దొరకడం కలెక్టరుగారికి దొరికినంత కష్టం. ముందే ఆలోచించినవారు గట్టు మీదకు చేర్చేటప్పుడే నూనె మార్పించి పెట్టుకుంటారు. మట్టి బాట తెగిపోయిన రేవుల్లో మాత్రం ఈ హడావుడి ఏదీ ఉండదు. నది పూర్తిగా తగ్గి, బాట మళ్లీ వేసేదాకా బండి చుట్టాల చావిట్లోనే, మనిషి పడవలోనే. పొద్దున మొదటి పడవకు పాల క్యాన్లు, రెండో పడవకు బడి పిల్లలు. గట్టు మీద ఉన్న బండి దాకా నడిచి, బరకం తీసి, చక్రం కాలితో తన్ని గాలి చూసుకుని పనికి పోతారు. సాయంత్రం మళ్లీ తెచ్చి అక్కడే కప్పి, చీకటి పడకముందే ఆఖరి పడవ అందుకోవాలి.